జీఆర్‌ఈలో సగటు, స్టాండర్డ్ డీవియేషన్ లెక్కలకే టైమ్ అంతా పోతోంది

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విదేశాల్లో పీజీ కోసం రాసే నా జీఆర్‌ఈ పరీక్షకు ఇంకా ఇరవై రోజులే ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీటెక్ మెకానికల్ ఫైనలియర్. ఆల్జీబ్రా, జామెట్రీ ఫరవాలేదు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (సంఖ్యలు సగటు నుంచి ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే అంకె) లెక్క కనిపిస్తే మాత్రం చెయ్యి ఆడటం లేదు. ఫార్ములా నోటికి వచ్చు. ఒక్కో విలువలోంచి సగటు తీసేసి, వర్గం చేసి, అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించి, వర్గమూలం తీయాలి. అలా చేస్తే జవాబు వస్తోంది కానీ నాలుగు నిమిషాలు పడుతోంది. రెండో క్వాంట్ (లెక్కల) సెక్షన్‌లో 15 ప్రశ్నలకు ఇచ్చేది 26 నిమిషాలే.

ఈరోజు మాక్ టెస్టులో ఇరుక్కుపోయినవి పెడుతున్నాను.

మొదటిది: ఏ అంటే 10, 20, 30, 40, 50ల స్టాండర్డ్ డీవియేషన్. బీ అంటే 110, 120, 130, 140, 150ల స్టాండర్డ్ డీవియేషన్. ఏది పెద్దది?

రెండోది: ఒక క్లాసులో మగపిల్లల మార్కుల సగటు 62, ఆడపిల్లలది 74. క్లాసు మొత్తం సగటు 70. మగపిల్లలకూ ఆడపిల్లలకూ నిష్పత్తి ఎంత?

మూడోది: 20 సంఖ్యల సగటు 50, స్టాండర్డ్ డీవియేషన్ 10. వాటికి ఇంకో రెండు 50లు చేరిస్తే స్టాండర్డ్ డీవియేషన్ పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? 50ల బదులు 40, 60 చేరిస్తే?

నాలుగోది: ఐదు వేర్వేరు ధన పూర్ణసంఖ్యల సగటు 10, మధ్యగతం (వరసలో పెడితే నడిమిది) 12. వాటిలో పెద్దది ఎంత దాకా ఉండొచ్చు? నాకు 24 వచ్చింది. కీలో 22 అని ఉంది. కీ తప్పేమో అని అరగంట చూశాను.

మూడోదాంట్లో అసలు ఆ 20 సంఖ్యలేంటో ఇవ్వలేదు. ఇవ్వకుండా ఎలా చేయాలి? దయచేసి ఎవరైనా చెప్పండి.


గండికోట_గాలి (కడప)
శనివారం, రాత్రి 10:05

చెల్లీ, పోయిన ఏడాది నేను రాశాను. ఇదే చోట ఇరుక్కున్నాను, అందుకే వెంటనే రాస్తున్నా.

మొదటిదాంట్లో కలం ముట్టుకోవద్దు. రెండు వరసల్లోనూ సంఖ్యల మధ్య ఎడం పదే. మొదటి వరసను లేపి వంద అడుగులు పక్కకు పెట్టారు, అదే రెండో వరస. ఎడం మారలేదు కాబట్టి స్టాండర్డ్ డీవియేషన్ మారదు. రెండూ సమానం. దీనికి పది సెకన్లు చాలు. నువ్వు నాలుగు నిమిషాలు పెట్టి రెండుసార్లు √200 తెచ్చుకుని ఉంటావు.

గుర్తు పెట్టుకోవడానికి మన కడప ఎండ చాలు. మే నెలలో పగటి ఉష్ణోగ్రతల సగటు 40 డిగ్రీల సెల్సియస్, స్టాండర్డ్ డీవియేషన్ 2 డిగ్రీలు అనుకుందాం. ఫారన్‌హీట్‌లోకి మార్చాలంటే 1.8తో గుణించి 32 కలపాలి కదా. సగటు రెండు దెబ్బలూ తింటుంది: 72కి 32 కలిపి 104. స్టాండర్డ్ డీవియేషన్‌కి గుణకారం మాత్రమే తగులుతుంది: 2ని 1.8తో గుణిస్తే 3.6. ఆ 32 దాన్ని తాకదు. అందరికీ 5 మార్కులు కలిపారు, అందరి జీతం 10 శాతం పెంచారు లాంటి ప్రశ్నలన్నీ ఇంతే. కలిపితే సగటు ఒక్కటే జరుగుతుంది, గుణిస్తే రెండూ మారతాయి.

ఒక్క జాగ్రత్త. మైనస్ సంఖ్యతో గుణించినా స్టాండర్డ్ డీవియేషన్ మైనస్ కాదు. అది దూరం. దూరానికి మైనస్ ఉండదు.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
శనివారం, రాత్రి 10:20

అక్కా, నిజంగానే రెండుసార్లు √200 తెచ్చుకున్నాను. రెండూ ఒకటే వచ్చాయని ఆశ్చర్యపోయి ఇంకోసారి చేశాను కూడా.


గడియార_స్తంభం (అనంతపురం)
ఆదివారం, ఉదయం 6:15

అమ్మా, నేను ఇంటర్‌లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. జీఆర్‌ఈ నేను రాయలేదు కానీ మా మనవరాలికి దగ్గరుండి చెప్పాను, కాబట్టి ఆ పరీక్ష తీరు తెలుసు. అది నీ కూడికలను పరీక్షించదు. వాళ్లే తెర మీద కాలిక్యులేటర్ ఇస్తున్నారు, దాంట్లో వర్గమూలం మీట కూడా ఉంది. సగటు అంటే ఏమిటో, ఎడం అంటే ఏమిటో తెలుసా అని చూస్తుంది.

నీ రెండో లెక్కకు తక్కెడ తలుచుకో. ముల్లు 70 దగ్గర ఉంది. ఎడమ పక్క 62 దగ్గర మగపిల్లలు, ముల్లుకు 8 దూరం. కుడి పక్క 74 దగ్గర ఆడపిల్లలు, 4 దూరం. తక్కెడ సమంగా నిలవాలంటే దగ్గరున్నవాళ్లు ఎక్కువమంది ఉండాలి. 8 దూరానికి ఒకరుంటే 4 దూరానికి ఇద్దరు. అంటే 1:2. సమీకరణం రాసుకున్నా ఇదే వస్తుంది. పరీక్షలో ఇంకో మేలు కూడా ఉంది. 70 అనేది 74కు దగ్గరగా ఉందని చూడగానే ఆడపిల్లలే ఎక్కువని తెలిసిపోతుంది. 2:1 అని ఉన్న ఆప్షన్ మీదికి చెయ్యి పోదు.

చదివి వదిలేయకు, ఒకసారి చేసి చూడు. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకో. 15 గీత కింద అడ్డంగా పెన్సిల్ పెట్టు. 21 దగ్గర రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టు. మూడో బిళ్లతో స్కేలు నిలవాలంటే ఎక్కడ పెట్టాలో ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత పెట్టి చూడు. ఏమైందో ఇక్కడ రాయి.


ఆదోని_కాటా (ఆదోని)
ఆదివారం, ఉదయం 8:30

సార్, మా తాత ఆదోని మార్కెట్ యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. బస్తాలు తూచేటప్పుడు బరువులన్నీ రాసుకుని కూడేవాడు కాదు. ప్రతి బస్తా యాభై అని మనసులో పెట్టుకుని, రెండు తక్కువ, ఒకటి ఎక్కువ, మూడు తక్కువ అని తేడాలే నోటితో అనుకుంటూ పోయేవాడు. నలభై బస్తాలు అయ్యేసరికి మొత్తం పన్నెండు తక్కువ అని చెప్పేవాడు. నలభైని యాభైతో గుణించి పన్నెండు తీసేస్తే అయిపోయింది.

పదో తరగతిలో సోపాన విచలన పద్ధతి చెప్పినప్పుడు, ఊహించిన సగటు అనే మాట దగ్గర నాకు తాతే గుర్తొచ్చాడు. అక్కా, నువ్వూ అలా చేసి చూడు. 487, 493, 502, 498, 510ల సగటు కావాలంటే ఐదూ కూడొద్దు. 500 అనుకో. తేడాలు మైనస్ 13, మైనస్ 7, ప్లస్ 2, మైనస్ 2, ప్లస్ 10. కలిపితే మైనస్ 10. ఐదుతో భాగిస్తే మైనస్ 2. సగటు 498. కాలిక్యులేటర్‌లో అంకెలు కొట్టేలోపు నోటితో అయిపోతుంది.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
ఆదివారం, మధ్యాహ్నం 2:10

సార్, చేశాను! వరసగా చెప్తాను.

మొదట గుండ్రటి పెన్సిల్ పెట్టాను, అది దొర్లిపోయింది. ఆరు పలకల పెన్సిల్ పెడితే స్కేలు నిలిచింది. 21 దగ్గర రెండు బిళ్లలు అంటే 15 నుంచి 6 దూరంలో ఇద్దరు, మొత్తం 12. అవతల ఒక్కటే బిళ్ల కాబట్టి 12 దూరం వెళ్లాలి, అంటే 3 దగ్గర. పెడితే స్కేలు కుడికి ఒరిగిపోయింది. లెక్క తప్పా అని మళ్లీ చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. దగ్గరికి వంగి చూస్తే 3 గీత మీద ఉన్నది బిళ్ల అంచు, బిళ్ల మధ్య భాగం కాదు. లోపలికి ఉంది. కొంచెం బయటికి జరిపి మధ్య భాగం గీత మీదికి తెచ్చాను. స్కేలు మెల్లగా లేచి నిలబడింది. మా అమ్మ ఉగ్గాని ప్లేటు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

3, 21, 21. కలిపితే 45, మూడుతో భాగిస్తే 15. ఇన్నేళ్లుగా సగటు కడుతున్నాను, అది చేతికి తగలడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు నా సందేహం. బిళ్లలు 14, 16 దగ్గర పెట్టినా, 3, 27 దగ్గర పెట్టినా స్కేలు 15 దగ్గరే నిలుస్తుంది కదా. సగటుకు రెండిటికీ తేడా తెలియడం లేదు. స్టాండర్డ్ డీవియేషన్‌కి తేడా తెలుస్తుంది. దాన్ని కూడా చేత్తో చూసే దారి ఉందా?


గండికోట_గాలి (కడప)
ఆదివారం, మధ్యాహ్నం 2:45

చెల్లీ, నువ్వు మెకానికల్ అన్నావు, నేనూ మెకానికలే. దారి ఉంది.

రెండు బిళ్లలను టేపుతో 14, 16 దగ్గర అంటించు. స్కేలును నడిమధ్య రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ గబగబా తిప్పు. తర్వాత అవే బిళ్లలను 3, 27 దగ్గర అంటించి తిప్పు. రెండోసారి మొండికేస్తుంది. బరువు అదే, నిలిచే చోటు అదే, తిరగడానికి మాత్రం ఒప్పుకోదు. సెకండియర్‌లో చదివిన మొమెంట్ ఆఫ్ ఇనర్షియా ఇదే కదా. ప్రతి బరువునూ దూరం వర్గంతో గుణించి కూడటం. మన ఫార్ములా కూడా దూరాల వర్గాలు కూడటమే. బరువులన్నీ సమానమైతే రేడియస్ ఆఫ్ గైరేషన్ అని మనం కట్టే దూరమూ, స్టాండర్డ్ డీవియేషనూ ఒకే లెక్క.

నాకిది పరీక్ష అయిపోయాక తట్టింది. ముందే తట్టి ఉంటే వర్గం ఎందుకు చేస్తారు, దూరాలే కూడొచ్చు కదా అని అన్ని రోజులు బుర్ర బద్దలు కొట్టుకునేదాన్ని కాదు.


గడియార_స్తంభం (అనంతపురం)
ఆదివారం, సాయంత్రం 5:00

కడప అమ్మాయి చెప్పిన పోలిక నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా క్లాసులో చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. చాలా బాగుంది తల్లీ.

మా అనంతపురంలో ఈ తేడా పుస్తకం అక్కర్లేకుండా అందరికీ తెలుసు. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. ఆ ఒక్క అంకె పట్టుకుని ఎవరూ చెనక్కాయ విత్తనం వేయరు. ఆ వాన ఏ రోజుల్లో పడింది, ఎన్ని రోజులు ఎండబెట్టింది అనేదే పంట. లెక్క కోసం ఇద్దరు రైతులను అనుకుందాం. ఒకరికి ఐదేళ్లూ ఎకరాకు 6 బస్తాలే. ఇంకొకరికి 0, 2, 6, 10, 12. ఇద్దరి సగటూ 6. మొదటాయన స్టాండర్డ్ డీవియేషన్ సున్నా. రెండో ఆయన దూరాలు 6, 4, 0, 4, 6. వాటి వర్గాలు కలిపితే 104. ఐదుతో భాగిస్తే 20.8, వర్గమూలం 4.56 దగ్గర. సగటు ఒకటే అయినా ఇద్దరి ఇళ్లూ ఒకటి కావు. ఆ సున్నా వచ్చిన ఏడాది రెండో ఆయన అప్పు చేయాలి.

పరీక్షకు పనికొచ్చేది దీంట్లో ఒకటుంది. స్టాండర్డ్ డీవియేషన్ సున్నా అని ఇచ్చారంటే అన్ని సంఖ్యలూ ఒకటే అని అర్థం. వేరే దారి లేదు. ఆ ఒక్క మాటతోనే తేలిపోయే ప్రశ్నలు వస్తాయి.


తాడిపత్రి_బండ (తాడిపత్రి)
ఆదివారం, సాయంత్రం 6:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేనూ ప్రిపేర్ అవుతున్నాను. 10, 20, 30, 40, 50 ఎక్సెల్‌లో వేస్తే నాకు 15.81 వచ్చింది. పైన √200 అన్నారు, అది 14.14 కదా. ఏది కరెక్టు? నేను డబ్బు కట్టి చేరిన కోచింగ్‌లో అడిగితే, పరీక్షలో రాదులే, వదిలేయ్ అన్నారు. వదిలేయలేకపోతున్నాను.


గడియార_స్తంభం (అనంతపురం)
ఆదివారం, సాయంత్రం 6:50

వదిలేయలేకపోవడం మంచిదే నాయనా. రెండూ కరెక్టే, రెండు వేరువేరు పనులకు.

దూరాల వర్గాలు 400, 100, 0, 100, 400. మొత్తం 1000. మన దగ్గరున్న ఐదు సంఖ్యలే పూర్తి సమాచారం అయితే ఐదుతో భాగిస్తాం. 200, దాని వర్గమూలం 14.14. ఆ ఐదూ పెద్ద గుంపులోంచి తీసిన శాంపిల్ అయి, ఆ పెద్ద గుంపు ఎడాన్ని అంచనా కట్టాలనుకుంటే ఒకటి తగ్గించి నాలుగుతో భాగిస్తాం. 250, దాని వర్గమూలం 15.81. ఎందుకు తగ్గిస్తామంటే, అసలు గుంపు సగటు మనకు తెలియదు. శాంపిల్ సగటు నుంచే దూరాలు కొలుస్తున్నాం. ఆ సగటు ఈ ఐదింటికీ నడుమ కూర్చుని ఉంటుంది కాబట్టి దూరాలు కొంచెం తక్కువగా వస్తాయి. ఆ లోటును భాగహారంలో సరిచేస్తాం.

ఎక్సెల్‌లో ఈ రెండిటికీ రెండు ఫంక్షన్లున్నాయి. చివర పీ అని ఉన్నది ఐదుతో, ఎస్ అని ఉన్నది నాలుగుతో భాగిస్తుంది. జీఆర్‌ఈలో ఉట్టి స్టాండర్డ్ డీవియేషన్ అంటే మొత్తం సంఖ్యతో భాగించేదే. పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల మ్యాథ్ రివ్యూలో అలాగే రాసి, ఒకటి తగ్గించేదాన్ని శాంపిల్ స్టాండర్డ్ డీవియేషన్ అని విడిగా చెప్పారు. అది ఉచితంగా దొరుకుతుంది, చదువు.

ఈ శాంపిల్ నుంచి అంచనా కట్టడం అనే విద్యలో ప్రపంచం తలెత్తి చూసిన మనిషి సి.ఆర్. రావు గారు. 1920లో హడగలిలో పుట్టారు. అప్పట్లో అది బళ్లారి జిల్లా. మా అనంతపురం కూడా 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే కాబట్టి ఆయన మాకు ఊరివాడితో సమానం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు, అదే ఏడాది పోయారు. పిల్లలకు ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పేవాణ్ని.


తాడిపత్రి_బండ (తాడిపత్రి)
ఆదివారం, రాత్రి 7:05

ఇప్పుడు అర్థమైంది సార్. చాలా థాంక్స్. రెండు నెలల సందేహం ఇది.


ఆదోని_కాటా (ఆదోని)
ఆదివారం, రాత్రి 8:00

అక్క మూడో లెక్కను ఎవరూ ముట్టుకోలేదు, నేను చేస్తాను.

20 సంఖ్యలేంటో తెలియనక్కర్లేదు. స్టాండర్డ్ డీవియేషన్ 10 అంటే దూరాల వర్గాల సగటు 100. 20 సంఖ్యలు కాబట్టి వర్గాల మొత్తం 2000. ఇదొక్కటి చేతిలో ఉంటే చాలు. రెండు 50లు చేరిస్తే సగటు కదలదు, కొత్తవాటి దూరం సున్నా కాబట్టి మొత్తం 2000గానే ఉంటుంది. ఇప్పుడు 22తో భాగించాలి. 90.9 వస్తుంది, వర్గమూలం 9.53. తగ్గింది.

40, 60 చేరిస్తే సగటు మళ్లీ 50యే. ఒక్కోదాని దూరం 10, వర్గం 100, రెండూ కలిపి 200. మొత్తం 2200. దాన్ని 22తో భాగిస్తే సరిగ్గా 100. స్టాండర్డ్ డీవియేషన్ 10గానే ఉంటుంది. 30, 70 అయితే 2800ను 22తో భాగించాలి, 11.28 దగ్గర, పెరుగుతుంది.

కాబట్టి ఇలా జంటగా చేర్చే సంఖ్యలు సగటుకు ఒక స్టాండర్డ్ డీవియేషన్ కంటే దగ్గరుంటే తగ్గుతుంది, సరిగ్గా అంత దూరంలో ఉంటే మారదు, అంతకంటే దూరముంటే పెరుగుతుంది. 60 ఒక్కటే చేర్చినా 10గానే ఉంటుంది.


గండికోట_గాలి (కడప)
ఆదివారం, రాత్రి 8:25

తమ్ముడూ, చివరి వాక్యం తప్ప అంతా బాగుంది. ఆ చివరి వాక్యం పరీక్షలో మార్కు పోగొడుతుంది.

40, 60 జంటగా వచ్చాయి కాబట్టి సగటు 50 దగ్గరే ఉండిపోయింది. 60 ఒక్కటే వస్తే సగటు దాని వైపు జరుగుతుంది. 1060ని 21తో భాగిస్తే 50.476. సగటు జరగగానే దూరాలన్నీ మారతాయి. 50 నుంచి కొలిస్తే వర్గాల మొత్తం 2100, దాన్ని 21తో భాగిస్తే 100. కానీ కొలవాల్సింది కొత్త సగటు నుంచి. సగటు ఎంత జరిగిందో దాని వర్గం, అంటే 0.476 వర్గం 0.227, ఆ 100లోంచి పోతుంది. 99.773 మిగులుతుంది, వర్గమూలం 9.989. కొంచెమే అయినా తగ్గింది. ఏ, బీ పోల్చే ప్రశ్నలో 9.989కీ 10కీ తేడా ఉంటే జవాబే మారిపోతుంది.


ఆదోని_కాటా (ఆదోని)
ఆదివారం, రాత్రి 8:50

కరెక్టే అక్కా. సగటు కదులుతుందని చూసుకోలేదు. కూర్చుని వెనక నుంచి కట్టాను. ఒక్క సంఖ్యే చేర్చి స్టాండర్డ్ డీవియేషన్ 10గానే ఉండాలంటే దాని దూరం 10ని √1.05తో గుణించినంత, అంటే 10.247 ఉండాలి. 60.247 అన్నమాట. 20 సంఖ్యలు కాక రెండు వేలు ఉంటే ఈ తేడా దాదాపు కనిపించదు.


గడియార_స్తంభం (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:10

తప్పు ఒప్పుకుని ఊరుకోకుండా ఎంత దూరముంటే సరిపోతుందో కట్టావు చూడు, అది నాకు బాగా నచ్చింది నాయనా.

నాలుగో లెక్కలో కీ తప్పు కాదమ్మా, 22 సరైనదే. పెద్దదాన్ని ఎంత పెద్దది చేయాలంటే మిగతా నాలుగింటినీ అంత చిన్నవి చేయాలి. మొత్తం 50. నడిమిది 12. నువ్వు 1, 1, 12, 12 తీసుకుని 24 తెచ్చావు. ప్రశ్నలో వేర్వేరు అని ఉంది. 1, 2, 12, 13 తీసుకోవాలి. 28 పోతే 22. ఇది లెక్క రాక పోయిన మార్కు కాదు, మాట చదవక పోయిన మార్కు. ఆ పరీక్షలో వేర్వేరు, ధన, పూర్ణ అనే మూడు మాటలు ఎక్కడున్నా పెన్సిల్‌తో రఫ్ కాగితం మీద రాసుకునే అలవాటు చేసుకో.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9:30

వేర్వేరు అని నేనే టైప్ చేసి పెట్టి, నేనే చూడలేదు సార్. ఇప్పుడే రఫ్ పుస్తకం మొదటి పేజీలో ఆ మూడు మాటలూ రాసుకున్నాను.

ఇంకో రకం మిగిలింది. గంట ఆకారపు వక్రరేఖ, నార్మల్ డిస్ట్రిబ్యూషన్. దానికి టేబుల్ బట్టీ పట్టాలా?


గండికోట_గాలి (కడప)
ఆదివారం, రాత్రి 9:55

టేబుల్ వద్దు. 34, 14, 2. ఈ మూడు అంకెలు చాలు. సగటు నుంచి ఒక స్టాండర్డ్ డీవియేషన్ దాకా ఒక్కో పక్క 34 శాతం, ఒకటి నుంచి రెండు దాకా 14, రెండు దాటాక 2. రెండు పక్కలా కలిపితే వంద.

నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అని ఇచ్చారు, సగటు 60, స్టాండర్డ్ డీవియేషన్ 5, మొత్తం 2000 మంది, 55కీ 70కీ మధ్య సుమారుగా ఎంతమంది? ముందు గీత గీసుకో. మధ్యలో 60, ఎడమన 55, 50, కుడిన 65, 70. 55 నుంచి 60 దాకా 34, 60 నుంచి 65 దాకా 34, 65 నుంచి 70 దాకా 14. మొత్తం 82 శాతం, అంటే 1640 మంది.

గీత గీయకుండా నోటితో చేస్తే నేను ప్రతిసారీ తప్పు చేశాను. గీయడానికి ఐదు సెకన్లు కూడా పట్టదు.

టైమ్ గురించి కూడా చెప్తాను. క్వాంట్ రెండు సెక్షన్లూ కలిపి 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. ఒక్కోదానికి సగటున నిమిషం ముప్పావు. ఇది కూడా సగటే కాబట్టి ప్రతి ప్రశ్నకూ అంతే పెట్టాలని లేదు. నీ మొదటి ప్రశ్న లాంటిది పది సెకన్లలో అయిపోతే మిగిలిన నిమిషంన్నర ఇంకోదానికి పనికొస్తుంది. రెండు నిమిషాలు దాటినా దారి దొరక్కపోతే మార్క్ చేసి ముందుకెళ్లు, ఆ సెక్షన్ అయిపోయేలోపు వెనక్కి రావచ్చు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలకు.


తాడిపత్రి_బండ (తాడిపత్రి)
సోమవారం, ఉదయం 7:10

ఒక్క లెక్క. మా కోచింగ్ షీట్‌లో ఉంది. ఒక ఫ్యాక్టరీలో 1000 మంది జీతాల సగటు 30 వేలు, స్టాండర్డ్ డీవియేషన్ 6 వేలు. ఏ: 36 వేల కంటే ఎక్కువ జీతం ఉన్నవాళ్ల సంఖ్య. బీ: 160. నేను 14, 2 కలిపి 16 శాతం అని 160 తెచ్చాను. రెండూ సమానం అని పెట్టాను. తప్పు అంటున్నారు, ఎందుకో చెప్పలేదు.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సోమవారం, ఉదయం 7:40

దీనికి నేను చెప్పనా సార్? తప్పైతే దిద్దండి.

తమ్ముడూ, లెక్కలో నార్మల్ అనే మాట ఎక్కడా లేదు. ఆ మాట లేకుండా 34, 14, 2 వాడకూడదు. జీతాలు అయితే మరీను. కొందరు మేనేజర్లకు చాలా పెద్ద జీతాలుంటే వాళ్లే సగటును పైకి లాగేసి ఉండొచ్చు.

ఊరికే అనడం కాదు, రెండు రకాలుగా కట్టి చూశాను. 500 మందికి 24 వేలు, 500 మందికి 36 వేలు అనుకో. సగటు 30 వేలు, అందరి దూరమూ 6 వేలే కాబట్టి స్టాండర్డ్ డీవియేషన్ 6 వేలు. 36 వేల కంటే ఎక్కువ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. అప్పుడు బీ పెద్దది.

ఇప్పుడు 200 మందికి 42 వేలు, 800 మందికి 27 వేలు అనుకో. తక్కెడ వేసి చూడు, 12 దూరంలో 200, 3 దూరంలో 800, రెండు పక్కలా 2400. సగటు 30 వేలే. వర్గాలు వేలల్లో కడితే 144ను 200తో గుణిస్తే 28,800, 9ని 800తో గుణిస్తే 7,200. మొత్తం 36,000, వెయ్యితో భాగిస్తే 36, వర్గమూలం 6. స్టాండర్డ్ డీవియేషన్ కూడా 6 వేలే. కానీ 36 వేలు దాటినవాళ్లు 200 మంది. అప్పుడు ఏ పెద్దది.

ఇచ్చిన సమాచారంతో తేల్చలేం. నాలుగో ఆప్షన్.


గడియార_స్తంభం (అనంతపురం)
సోమవారం, ఉదయం 8:05

దిద్దడానికి ఏమీ లేదమ్మా. ఆ 200, 800 ఎలా పట్టుకున్నావో అది కూడా ఈ అబ్బాయికి రాసిపెట్టు.


హంద్రీ_ఒడ్డు (కర్నూలు)
సోమవారం, ఉదయం 8:20

స్కేలు మీద బిళ్లలు జరిపి చూశాను సార్. 27 దగ్గర ఒకటి, 12 దగ్గర నాలుగు పెడితే 15 దగ్గర నిలిచింది. 15 నుంచి దూరాలు 12, 3. ఆ దూరాలనే 30 వేల చుట్టూ పెట్టి కట్టాను.